అయానులకు దారి యిచ్చు పొర

హైదరాబాదులో తార్నాక కూడలి నుండి తూర్పుగా ఉప్పల్ వైపు పోవు మార్గమునకు శాస్త్రవీథి యని పేరు పెట్టినను తప్పులేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు సమీపముననే భారతీయ రసాయన సాంకేతిక సంస్థ కలదు. దానికి చేరువగా కణ, అణు జీవశాస్త్ర కేంద్రము, హబ్సిగూడ దాటిన పిమ్మట జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కానవచ్చును. 2017వ సంవత్సరము నుండి ఆ దారిలో స్తంభములమీద మెట్రో రైలు పరుగిడుచున్నది. హబ్సిగూడ కూడలిలో ఎడమకు తిరిగినచో నాచారము వచ్చును. అచట పరిశోధన సంస్థలకు మారుగా మందులు, రసాయనములు, యంత్రభాగములు చేయు చిన్న పెద్ద కర్మాగారములు కలవు. ఒక కూడలికి ఇటువైపున తెలిసికొను చోటు, అటువైపున తయారు చేయు చోటు.

ఈ రెండు చోట్లకును సంబంధించిన ఒక సన్నని పొర చరిత్రను మేమిపుడు చెప్పదలచినాము. ఆ పొర చూచుటకు ప్లాస్టిక్ కాగితము వలె నుండును. కాని దానికొక విచిత్రమైన గుణము కలదు. ఒక జాతి కణములకు అది దారి యిచ్చును; తక్కినవానిని ఆపును. ఆ గుణము మీదనే ఇంధన ఘటము అను విద్యుత్సాధనము ఆధారపడియున్నది. ఆంగ్లమున దానిని ఫ్యూయల్ సెల్ అందురు.

ముందుగా ఈ ఘటమెట్టిదో తెలిసికొందము. ఇంటిలోని చిన్న రేడియోలో మనము వేయు బ్యాటరీ, కూజాలోని నీరు వంటిది. లోపలి సరకు తరిగినకొలది శక్తి తరుగును. తీరిపోయిన పిమ్మట దానిని పారవేయుదుము. ఇంధన ఘటము పొయ్యి వంటిది. బయటినుండి ఇంధనము అందించుచున్నంతకాలము పని చేయుచునే యుండును. అయితే పొయ్యిలో మంట కలదు, ఇందులో మంట లేదు. ఒక వైపునుండి ఉదజని, అనగా హైడ్రోజన్ వాయువు, రెండవ వైపునుండి ఆమ్లజని, అనగా ఆక్సిజన్, లోనికి వచ్చును. నడుమ మనము చెప్పిన పొర యుండును. పొరకు రెండు ప్రక్కలను ప్లాటినమ్ పొడి పూసిన ధ్రువములుండును.

ఉదజని ఆ ప్లాటినమును తాకగానే రెండుగా చీలును. ఎలక్ట్రానులు ఒకటి, ప్రోటానులు ఒకటి. విద్యుదావేశము గల కణమును అయాను అందురు. ప్రోటాను అట్టి ధనావేశము గల అయాను. ఈ ప్రోటానులు పొరలోనుండి అవతలికి దాటిపోవును. ఎలక్ట్రానులకు పొరలో దారి లేదు. కనుక అవి బయట తీగను బట్టి చుట్టు తిరిగి పోవలెను. ఆ చుట్టుదారి పయనమే మన దీపము వెలిగించు విద్యుత్తు. అవతలి ధ్రువమువద్ద ప్రోటాను, ఎలక్ట్రాను, ఆమ్లజని మూడును కలిసి నీరగును. పొగ లేదు, మసి లేదు. ఒక్కొక్క ఘటమునకు సిద్ధాంతముచే రాదగిన పీడనము 1.23 వోల్టులు, పని చేయునపుడు సుమారు 0.7 వోల్టు మాత్రమే వచ్చును. అందుచేత పదులు, వందలుగా ఘటములను దొంతర పేర్చి వాడుదురు.

పొర చేయవలసిన పనులు మూడని దీనివలన తేలుచున్నది. ప్రోటానును పోనీయవలెను. ఎలక్ట్రానును పోనీయరాదు. రెండు వాయువులును ఒకదానితో నొకటి కలియకుండ చూడవలెను. జల్లెడ యైనచో పరిమాణమును బట్టి వేరుచేయును. ఈ పొర ఆవేశమును బట్టి వేరుచేయవలెను. ఇట్టి వస్తువును మానవుడు సంపాదించుటకు నూరేండ్లకు పైగా పట్టినది.

ఇంధన ఘటము మాత్రము పాతదే. 1839లో వేల్సు దేశీయుడైన విలియమ్ గ్రోవ్ దీనిని ప్రకటించెను. ఆయన వృత్తిచే న్యాయవాది, తరువాత న్యాయమూర్తి కూడ అయ్యెను. అదే కాలమున స్విట్జర్లాండులోని బాసెల్ నగరమున షోన్‌బైన్ అను ఆచార్యుడు ఈ విషయమునే పరిశీలించుచుండెను. నీటిలోనికి విద్యుత్తు పంపినచో నీరు రెండు వాయువులుగా విడిపోవునని అప్పటికే లోకమునకు తెలియును. విడిపోయిన వాయువులు మరల కలియునపుడు ఆ విద్యుత్తు మరల రావలెను గదా అనునది గ్రోవ్ ఆలోచన. సజల గంధకామ్లములో ప్లాటినమ్ రేకులను నిలిపి చూపగా విద్యుత్తు వచ్చెను. కాని అది అత్యల్పము. ఆమ్లమా, ద్రవము, ఒలుకును, పాత్రలను తినివేయును. అందుచేత ఆ ఘటము ప్రయోగశాలలోనే నిలిచిపోయెను.

1889లో లుడ్విగ్ మోండ్, కార్ల్ లాంగర్ అను నిరువురు ఒక అడుగు ముందుకు వేసిరి. సూక్ష్మరంధ్రములు గల మట్టిపలక వంటి వస్తువును ఆమ్లములో నానబెట్టి, దానిని రెండు ధ్రువముల నడుమ నుంచిరి. ఆమ్లమును పాత్రలో పోయుటకు మారుగా పలకలో పట్టియుంచుట యను ఆలోచన అచట పుట్టినది. అయినను ఆ పలక ఆమ్లమును మోయుచున్నదే గాని తాను ఆమ్లము కాదు. తాను స్వయముగా అయానులకు దారి యిచ్చు ఘనపదార్థము ఇంకను కావలసియుండెను.

ఆ పదార్థమునకు మూలము రైతుల పొలములో దొరికినది. ఇంగ్లండులో హెచ్. ఎస్. థామ్సన్ అను వ్యవసాయదారునకు ఒక సందేహము కలిగెను. ఎరువులోని అమ్మోనియా వానకు కొట్టుకొనిపోక నేలలో ఎట్లు నిలుచుచున్నది? 1850లో ఆయనయు, రాయల్ వ్యవసాయ సంఘపు రసాయన శాస్త్రజ్ఞుడు జె. టి. వే యు తమ పరిశీలనలను ప్రకటించిరి. అమ్మోనియా లవణపు నీటిని మట్టిగుండ పోసినపుడు, మట్టి అమ్మోనియాను పట్టుకొని దానికి బదులు సున్నపు అంశమును విడిచిపెట్టుచున్నదని వారు చూపిరి. ఒక అయానును పుచ్చుకొని మరియొక అయాను నిచ్చుట! దీనికే అయాను వినిమయమని పేరు. ఏండ్ల తరబడి మన రైతులు పెంట తోలి పంట తీయుచున్న నల్లరేగడిలో జరుగుచున్న వ్యాపారము కూడ ఇదియే.

మట్టి చేయు ఈ పనిని మానవుడు చేసిన జిగురుచేత చేయించినవారు ఆడమ్స్, హోమ్స్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు. అది 1935లో. పగిలిన గ్రామఫోను రికార్డులను పొడిచేసి పరీక్షించుటతో వారి పని మొదలయ్యెనని ఒక కథ చెప్పుకొందురు. తరువాత అమెరికాలో డాలేలియో అను నతడు పాలీస్టైరీన్ అను ప్లాస్టిక్కునకు గంధకామ్లపు అంశములను అతికించి, 1944లో హక్కుపత్రము పొందెను. పాలిమర్ అనగా చిన్న అణువులు పూసల వలె గ్రుచ్చబడిన పొడవైన గొలుసు. ఆ గొలుసుకు ఋణావేశము గల గంధకామ్లపు కొమ్మలు కదలకుండ అతుకుకొని యుండును. వానిని అంటిపెట్టుకొనియున్న ప్రోటానులు మాత్రము తడి యున్నచో ఒక కొమ్మనుండి మరియొక కొమ్మకు కదలగలవు. ఇట్టి జిగురు గుండ్లనే నేడు కర్మాగారములలో కఠినజలమును మృదువుగా చేయుటకు వాడుచున్నారు.

ఇక మిగిలినది ఆ గుండ్లను పొరగా మార్చి, ఘటములో నిలుపుట. అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేయు విల్లార్డ్ గ్రబ్ 1955లో ఆ పని చేసెను. కొలది యేండ్లకు ఆయన సహచరుడు లెనార్డ్ నీడ్రాక్ పొర ముఖముననే ప్లాటినమును నిలుపు విధానము కనుగొనెను. ఆమ్లమును సీసాలో పోయవలసిన పని లేదు, పొరయే ఆమ్లము. గ్రోవ్ నాటి చిక్కు 116 ఏండ్లకు విడిపోయెను.

1965 ఆగస్టులో జెమిని 5 అను అంతరిక్ష నౌక ఇద్దరు యాత్రికులతో సుమారు ఎనిమిది దినములు భూమిని చుట్టివచ్చినది. అన్ని దినములకు సరిపడు బ్యాటరీలు మోసికొనిపోవుట కష్టము. అందుచే పాలిమర్ పొరల ఇంధన ఘటములనే నమ్ముకొనిరి. మానవులు పయనించిన నౌకలో ఇంధన ఘటములు పనిచేయుట అదియే మొదలు. అయితే ఆ పొరకు ఆయువు తక్కువ. ఘటములో పుట్టు తీవ్రమైన ఆక్సీకరణ కణములు పాలీస్టైరీన్ గొలుసును కొరికివేయును. అందువలన ఘటములో పుట్టిన నీరు త్రాగుటకు పనికిరాకపోయెను. చంద్రునిపైకి పోయిన అపోలో నౌకలకు ఈ పొరను విడిచి, బేకన్ అను ఆంగ్ల ఇంజనీరు రూపొందించిన క్షార ద్రవపు ఘటములను గైకొనిరి.

కొరుకుడు పడని గొలుసు కావలెను. 1960వ దశకము చివర డ్యూపాంట్ సంస్థలో వాల్టర్ గ్రాట్ దానిని సాధించెను. అంటుకొనని పెనములకు పూయు టెఫ్లాను అందరికి తెలిసినదే. అట్టి ఫ్లోరిన్ గొలుసునకే గంధకామ్లపు కొమ్మలను అమర్చి పొర చేసిరి. దానికి నాఫియాన్ అని పేరు. దాని ఆయువు మునుపటి పొరతో పోల్చరానిది. కాస్టిక్ సోడా పరిశ్రమకు ఈ జాతి పొరలు మహోపకారము చేసినవి. ఉప్పునీటినుండి కాస్టిక్ సోడా తీయుటకు మునుపు పాదరసము వాడుచుండిరి. ఆ విషపదార్థము నదులకు చేరుచుండెను. పొరల పద్ధతి వచ్చిన పిమ్మట, మన దేశములో కూడ కర్మాగారములు పాదరసమును విడిచినవి.

నాఫియాన్ గొప్పదే గాని దానికిని మూడు లోపములు కలవు. మొదటిది వెల. ఫ్లోరిన్ రసాయనము కష్టసాధ్యము, చేయువారు కొందరే. రెండవది నీటి అవసరము. ఊరిలో నిప్పంటుకొన్నపుడు జనులు వరుసగా నిలిచి బిందెలను చేతులు మార్చినట్లు, నీటి అణువులు ప్రోటానును ఒకదానికొకటి అందించుకొనును. ఈ విధానమును 1806లోనే గ్రోథస్ అను శాస్త్రజ్ఞుడు ఊహించెను. పొర ఎండిపోయినచో ఆ వరుస చెదరును, విద్యుత్తు నిలిచిపోవును. కనుక నూరు డిగ్రీల వేడి దాటనీయరాదు, తడి ఆరనీయరాదు. మూడవది మిథనాల్ విషయము. ఉదజనిని నిలువచేయుట కష్టము కనుక, ద్రవమైన మిథనాలును ఇంధనముగా వాడవలెనని చాలమంది కోరిక. అది నీటిలో కలియును. కనుక నీటితో పాటు పొరను దాటి అవతల పడును. ఇంధనము వృథా, విద్యుత్తునకు నష్టము.

ఈ లోపములకు మందు వెదకినవారిలో మన ఉప్పల్ రోడ్డు శాస్త్రజ్ఞులు కలరు. ఆ సంస్థ పుట్టుక 1944లో. హైదరాబాదు సంస్థానపు ప్రభుత్వము శాస్త్ర, పారిశ్రామిక పరిశోధనల కొరకు కేంద్ర ప్రయోగశాలలను స్థాపించెను. డాక్టరు సయ్యద్ హుస్సేన్ జహీర్ దానికి చిరకాలము అధిపతిగా నుండి, 1962లో దేశపు శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలికే ప్రధానాధికారి యయ్యెను. 1956లో ఆ ప్రయోగశాల మండలిలో చేరి ప్రాంతీయ పరిశోధనాలయమైనది. 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ యైనది. తొలినాళ్ళలో బొగ్గు, నూనెగింజలు, రంగుల పూతలు దాని పని. ఈ నేలలో దొరకు సరకునకు ఈ నేలలోనే విలువ కట్టవలెనన్నది ఆనాటి దృష్టి. పొరల పనిలోను ఆ దృష్టియే కానవచ్చును.

ఆ సంస్థలోని పొరల విభాగమున బి. స్మిత, ఎస్. శ్రీధర్, ఎ. ఎ. ఖాన్ అను మువ్వురు 2003 మొదలు ప్రోటాను వాహక పొరలపై వరుసగా పత్రములు ప్రకటించిరి. 2005లో అచ్చయిన వారి సమీక్షావ్యాసము, అప్పటివరకు లోకములో తయారైన ఇంధన ఘటపు పొరలనన్నిటిని తరచి చూచినది. నాటినుండి ప్రపంచమందలి పరిశోధకులు దానిని విరివిగా ఉదాహరించుచున్నారు.

వారు గైకొన్న పదార్థములలో మనకు ఆసక్తి గొలుపునది కైటోసాన్. రొయ్యల, పీతల పెంకులలో కైటిన్ అను పదార్థము కలదు. పెంకును ఆమ్లములో వేసినచో సున్నము పోవును. క్షారములో వేసినచో మాంసకృత్తు పోవును. మిగిలిన కైటినును గాఢ క్షారములో కాచినచో కైటోసాన్ వచ్చును. నెల్లూరు, భీమవరము, కాకినాడ ప్రాంతముల రొయ్యల చెరువుల సంగతి తెలియని తెలుగువారుండరు. రొయ్యల యెగుమతిలో ఆంధ్రప్రదేశ్ దేశమునకే మొదటిది. కండ ఓడ యెక్కును. పెంకు దిబ్బకు పోవును. ఆ దిబ్బ సరకు నుండియే ఇంధన ఘటపు పొర రాగలదన్న మాట వినుటకే వింతగా నున్నది.

ఆ విధానము గూడ వినదగినదే. కైటోసాన్ గొలుసుమీది కొమ్మలు ధనావేశము వహించును. పాలీఎక్రిలిక్ ఆమ్లము అను మరియొక పాలిమర్ కొమ్మలు ఋణావేశము వహించును. రెండింటిని కలిపినచో వ్యతిరేకావేశములు ఒకదానినొకటి లాగుకొని, రెండు గొలుసులును గట్టిగా పెనవేసికొనును. పెనవేసికొన్న కొలది పొరలోని సందులు బిగియును. మిథనాలునకు దారి ఇరుకగును. ప్రోటానునకు మాత్రము కొమ్మలు, నీరు ఉన్నవి కనుక దారి మిగులును. 2004లో ఈ పొరను గూర్చియు, 2005లో సముద్రపు నాచునుండి తీయు సోడియం ఆల్జినేట్‌తో కలిపిన కైటోసాన్ పొరను గూర్చియు వారు ప్రకటించిరి. పొర ఎంత నీరు పీల్చును, ప్రోటానును ఎంత త్వరగా పంపును, మిథనాలును ఎంత ఆపును అని కొలిచి చూచిరి. మిథనాలును ఆపుటలో ఈ పొరలు నాఫియాన్ కన్న మేలని తేలినది.

ఇంతటితో నాఫియాన్ ఓడిపోయినదని చెప్పినచో అది సత్యము కాదు. ప్రోటానును పంపు వేగములో, దీర్ఘాయువులో ఫ్లోరిన్ పొరదే నేటికిని పైచేయి. ఒక బస్సును నడుపు ఘటము వేలకొలది గంటలు పనిచేయవలెను. తడిసి ఆరి, వేడెక్కి చల్లారి, చెక్కుచెదరరాదు. ప్రకృతిసిద్ధమైన పాలిమర్లు నీటిలో ఉబ్బును, ఆక్సీకరణమునకు లొంగును. పరిశోధనాపత్రము అచ్చగుట ఒక మజిలీ మాత్రమే, గమ్యము కాదు.

అయినను ఈ విద్య మనకు వలసినదే యని ఇటీవలి సంగతులు చాటుచున్నవి. 2022 ఆగస్టులో పరిశోధన మండలి, కె.పి.ఐ.టి. సంస్థ కలిసి తయారుచేసిన ఉదజని ఘటపు బస్సును పూనాలో ఆవిష్కరించిరి. 2023 జనవరిలో భారత ప్రభుత్వము 19,744 కోట్ల రూపాయలతో జాతీయ హరిత ఉదజని పథకమును ఆమోదించెను; 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నులు ఉత్పత్తి చేయవలెనని దాని లక్ష్యము. సూర్యరశ్మి, గాలుల విద్యుత్తుతో నీటిని విడగొట్టి ఉదజనిని తీయు యంత్రములలో ఒక ముఖ్యమైన రకమునకు ఈ ప్రోటాను పొరయే గుండెకాయ. గ్రోవ్ ఘటమును తిరగవేసిన రూపమది. 2024 జనవరి 1వ తేదీన మన శ్రీహరికోట నుండి ఎగసిన పి.ఎస్.ఎల్.వి. సి58 నౌక చివరి అంతస్తులో ఇస్రో శాస్త్రజ్ఞులు ఒక పాలిమర్ పొర ఘటమును అమర్చిరి. 350 కిలోమీటర్ల యెత్తున అది 180 వాట్ల విద్యుత్తు నిచ్చినది. జెమిని నాటి విద్య యాబది తొమ్మిదవ యేట తెలుగు తీరమునుండి ఆకాశమునకు పోయినది.

మరియొక సంగతి. ఫ్లోరిన్ గొలుసుల రసాయనములు నేలలోను నీటిలోను విరిగిపోక తరతరములు నిలుచునని తెలిసిన పిమ్మట, 2023లో డెన్మార్కు, జర్మనీ, నెదర్లాండ్సు, నార్వే, స్వీడన్ దేశములు ఆ జాతి రసాయనములను ఐరోపాలో కట్టడి చేయవలెనని ప్రతిపాదించినవి. పొరకు ఏది బలమో, అదే భూమికి బరువైనది. ఫ్లోరిన్ లేని పొరల కొరకు లోకము మరల వెదకుచున్నది. పెంకులతోను నాచుతోను ఉప్పల్ రోడ్డున జరిగిన ప్రయత్నము ఇపుడు మరింత సమయోచితముగా తోచుచున్నది.

ఇక మొదట చెప్పిన కూడలికి మరలి వత్తము. ప్రయోగశాలలో పొరను తీయు విధము మన ఇండ్లలో మామిడితాండ్ర పోయు విధమునకు దగ్గరగా నుండును. పాలిమర్ ద్రావణమును అద్దపు పలకపై సమముగా పోసి, ఆరబెట్టి, మెల్లగా ఒలిచెదరు. నేర్పు గలవారు అరచేతి వెడల్పు గల చక్కని పొరను తీయగలరు. కర్మాగారములో మాత్రము దానిని వందల మీటర్ల పొడవున చుట్టలుగా తీయవలెను. మందము ఎక్కడను వెంట్రుకవాసియైనను మారరాదు. సూదిమొన యంత రంధ్రమున్నను రెండు వాయువులు కలిసి ఘటము చెడును. ఒక్క ఘటము చెడినచో దొంతర అంతయు నిలుచును. ఇది పత్రములు వ్రాయు విద్య కాదు, చేతులు నేర్వవలసిన విద్య. ద్రావణము కలుపువారు, యంత్రము సవరించువారు, పొరను వెలుతురుకెత్తి పరీక్షించువారు కావలెను. మందులు, యంత్రభాగములు చేసి చేయి తిరిగిన పనివారు గల నాచారము, ఉప్పల్ వంటి చోట్లకు అట్టి పని తగినది.

నేలనుండి గుండ్లు, గుండ్లనుండి పొర, పొరనుండి అంతరిక్షనౌక: ఈ చరిత్రలో ప్రతి మలుపునను తెలిసికొన్నవారు, చేసినవారు ఒకరికొకరు అందుబాటులో నుండిరి. రైతు సందేహమును రసాయన శాస్త్రజ్ఞుడు వినెను. గ్రబ్ పొర తీయగా సహచరుడు నీడ్రాక్ ప్లాటినము నిలిపెను. వచ్చు దశాబ్దములలో మన బస్సులకు, మన నీటిని విడగొట్టు యంత్రములకు వలయు పొరను ఓడలలో తెప్పించుకొందుమా, ఇచటనే చేసికొందుమా యనునది నేడు మన ముందున్న ప్రశ్న. హబ్సిగూడ కూడలినుండి పరిశోధన సంస్థయు, నాచారము కర్మాగారములును దూరము కావు. ఆ దూరము నడువలసినవారు ఇరువైపులను కలరు.